ఒకే కథాలోకము, పలు ఆటలు: బల్లమీదినుండి తెరమీదికి

మన కళాశాలలో చదివి వెళ్ళిన విద్యార్థి యొకడు రెండేండ్ల క్రిందట రాయదుర్గములోని ఒక వీడియో గేముల సంస్థలో ఉద్యోగమునకై పరీక్ష వ్రాసెను. ప్రశ్న ఒక్కటియే. బల్లచుట్టు కూర్చుండి ఆడు పాత్రధారణ క్రీడలలో నచ్చిన కథాలోకము నొకదానిని ఎన్నుకొని, దానిని మూడు వేరువేరు తరహాల వీడియో గేములుగా మలచుటకు ప్రణాళిక వ్రాయవలెను. అతడు మూడు గంటలసేపు శ్రద్ధతో వ్రాసెను. ఉద్యోగము లభింపలేదు. తరువాత తన చిత్తుప్రతిని తెచ్చి మా ముందుంచినప్పుడు లోపమేమో మాకును, అతనికిని ఒకేసారి తెలియవచ్చినది. ఒకే కథను మూడు మారులు వ్రాసి, మొదటిదానిలో నాయకుని చేతికి కత్తిని, రెండవదానిలో తుపాకిని, మూడవదానిలో సైన్యమును ఇచ్చియుండెను. తక్కినదంతయు ఒక్కటే. ఈ పాఠము ఆ చిత్తుప్రతినుండి పుట్టినది.

కళాశాల వార్షిక సంచికలో వీడియో గేములకు తావేల యని పాలకసంఘ సభ్యులు ప్రశ్నింపవచ్చును. ప్రశ్న సమంజసమే. 1998లో మాదాపూరునందు సైబర్ టవర్స్ భవనము ప్రారంభమైనది. ఆ సంవత్సరముననే మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయము ఏర్పడి, గచ్చిబౌలిలో స్థిరపడినది. రెంటికిని నడుమ దూరము కొద్ది కిలోమీటర్లే యైనను, ఒకచోట చదువు కథలు రెండవచోట తయారగు వస్తువులలో అరుదుగా కానవచ్చును. మెట్రో రైలులో రాయదుర్గము స్టేషనున దిగు మన పిల్లలలో కొందరు నేడు గేములకు బొమ్మలు గీయుచున్నారు, తప్పులు వెదకుచున్నారు, ప్రోగ్రాములు వ్రాయుచున్నారు. ఎలెక్ట్రానిక్ ఆర్ట్స్ వంటి విదేశీ సంస్థకు ఈ నగరమున కార్యాలయము కలదు. భారత గేము నిర్మాతల మహాసభ 2022, 2023, 2024 సంవత్సరములలో హైదరాబాదులోనే జరిగినది. అయినను మనవారు చేయుపని ఎక్కువగా ఇతరులు ఊహించిన లోకములకు మెరుగుపెట్టుటయే. లోకమును ఊహించి దానిని ఆటగా మలచు పని మన చేతికి రావలెనన్న, ఆ పరీక్షలోని ప్రశ్నకు సమాధానము నేర్వవలసియున్నది.

పాత్రధారణ క్రీడ యనగా నేమో తెలియనివారికి ముందుగా నాలుగు మాటలు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అను ఆటను ప్రచురించిరి. మన పచ్చీసునకు, వైకుంఠపాళికి వలె దీనికి గళ్ళ పటము తప్పనిసరి కాదు. ఒకరు గెలిచి ఒకరు ఓడుటయు లేదు. నలుగురైదుగురు బల్లచుట్టు కూర్చుందురు. ఒకడు యోధుడు, ఒకతె మంత్రగత్తె, మరియొకడు దొంగ, ఇట్లు ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రను ధరింతురు. ఒకరు మాత్రము ఒక్క పాత్రకు కట్టుబడక, లోకమంతయు తామే యగుదురు. మన నాటక పరిభాషలో వారిని సూత్రధారుడనవచ్చును. "మీరు కోటగుమ్మము చేరితిరి. కాపలావాడు కునుకుచున్నాడు. ఏమి చేయుదురు?" అని సూత్రధారుడు అడుగును. ఆటగాడు తనకు తోచినది చెప్పును. ఫలితము సందేహాస్పదమైనచో పాచిక వేయుదురు. ఇరువది ముఖముల పాచిక ఈ ఆటకు గుర్తుగా నిలిచిపోయినది. మన హరికథకుడును, లక్నో, ఢిల్లీ నగరముల దాస్తాన్‌గోయును సభను చూచి కథను సాగదీయుట, కుదించుట ఎరిగినవారే. కాని శ్రోత లేచి "నేను ఆ తలుపు తెరువను" అనుటకు అచ్చట వీలులేదు. ఇచ్చట వీలున్నది. ఆ మాటను విని, అప్పటికప్పుడు లోకమును దానికి తగినట్లు సవరించువాడే సూత్రధారుడు.

ఈ ఆటను తెరమీదికి తెచ్చినప్పుడు మొట్టమొదట పోవునది ఈ వినువాడే. యంత్రము సాధారణముగా ముందుగా వ్రాసియుంచిన ప్రత్యుత్తరములనే పలుకును. కనుక ప్రతి వీడియో గేమును ఒక ఎంపిక చేసికొనక తప్పదు: బల్లమీద చేయదగిన వేయి పనులలో ఏ నాలుగు పనులను ఉంచవలెను?

కథ ప్రక్రియ మారుట మనకు క్రొత్త కాదు. మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథలలోని యొక కథ ప్రేరణగా 1951లో 'పాతాళభైరవి' చలనచిత్రము వచ్చినది. అచ్చట మారినది చెప్పు తీరు. ఆటలో మారునది చేయు పని. వ్యాకరణ విద్యార్థులకు తెలియునట్లు చెప్పవలెనన్న, ఆటయొక్క ప్రక్రియ యనగా దాని క్రియాపదము. వంతులవారీ ఆటలో ఆటగాడు యోచించును, శీఘ్రచర్య గల ఆటలో కొట్టును, తప్పించుకొనును, కాల్పుల ఆటలో గురిచూచును, వ్యూహక్రీడలో నియోగించును, చాటుమాటు ఆటలో దాగును. లోకము ఎంత విశాలమైనదైనను, ఆ క్రియకు అందు భాగము మాత్రమే ఆటగాని అనుభవమునకు వచ్చును. తక్కినది గోడమీది చిత్రమై నిలుచును.

దృష్టాంతమునకు 'ఫర్‌గాటెన్ రెల్మ్స్' అను లోకమును చూడుడు. దీనిని ఊహించిన ఎడ్ గ్రీన్‌వుడ్ కెనడా దేశస్థుడు, గ్రంథాలయోద్యోగి. (గ్రంథాలయములలో పనిచేయువారిపై మాకు గల గౌరవము దీనిచే ఇంకను హెచ్చినది.) 1987లో ఇది పాత్రధారణ క్రీడకు వేదికగా అచ్చయినది. మరుసటి సంవత్సరమే 'పూల్ ఆఫ్ రేడియన్స్' అను కంప్యూటరు ఆట వచ్చెను. అందు ఆరుగురి జట్టు, వంతులవారీ యుద్ధము; రాక్షసులు ఆక్రమించిన నగరమును పేటపేటగా విడిపించుట పని. 1991 నాటి 'ఐ ఆఫ్ ది బిహోల్డర్' అదే లోకములోని మరియొక నగరము క్రిందనున్న మురుగుకాలువలలోనికి ఆటగాని దింపెను. ఇచ్చట వంతులు లేవు. చీకటిలో అడుగుల చప్పుడు వినబడుచుండగా గోడలు తడుముకొనుచు పోవలెను. మొదటిదానిలో నగరము ఒక బాధ్యత; రెండవదానిలో ఒక భయము. మన నగరమున సైబర్ టవర్స్ తెరచిన కొన్ని వారములకు, 1998 డిసెంబరులో 'బాల్డర్స్ గేట్' వెలువడినది. అందు యుద్ధము ఆగక సాగుచుండును గాని, ఆటగాడు కోరినప్పుడు నిలిపివేసి ఆలోచింపవచ్చును. 2001లో ఆ నగరము పేరే పెట్టుకొని వచ్చిన 'డార్క్ అలయన్స్' ఆలోచనను పక్కకు నెట్టి, కొట్టుటను, దోచుటను మిగిల్చెను. అది చెడ్డ ఆట కాదు. అయితే ఆ నగరపు రాజకీయము అందులో తలుపులకు వేసిన రంగు మాత్రమే.

బెల్జియం దేశపు లారియన్ సంస్థ 2023లో తెచ్చిన 'బాల్డర్స్ గేట్ 3' మరల వంతుల పద్ధతికి వచ్చినది. అంతకంటె ముఖ్యమైన విషయమొకటి కలదు. సందేహ సమయమున ఇరువది ముఖముల పాచిక తెరమీద దొర్లును; ఒక కథకురాలి కంఠము జరిగినది చెప్పును. పోయిన సూత్రధారుని నీడను వారు మరల తెచ్చి కూర్చుండబెట్టిరి. నలుబది తొమ్మిదేండ్ల పిమ్మటకూడ ప్రజలు దానికై వెదకుచునే యుండిరన్నమాట.

ప్రక్రియ తప్పుగా ఎంచుకొనుటకు 'షాడోరన్' కథ మంచి పాఠము. 1989లో ఫాసా అను అమెరికా సంస్థ ప్రచురించిన ఈ లోకమున భవిష్యత్కాలపు నగరములను ప్రభుత్వములకంటె బలమైన కంపెనీలు ఏలుచుండును; అదే సమయమున మంత్రవిద్య మరల లేచివచ్చును. (నానక్‌రాంగూడ అద్దాల భవనముల నడుమ నడచువారికి దీనిలో మొదటి సగము అంత వింతగా తోచదు.) బల్లమీద ఈ ఆటకు ప్రాణము ఏది? పేరు దాచుకొన్న మనిషి యొకడు ఒక చాటుపని అప్పగించును. జట్టువారు కూర్చుండి తర్జనభర్జన పడుదురు. పథకము ఎక్కడనో చెడును. అనగా క్రియ 'బేరమాడుట, పథకము వేయుట'. 1993లో నింటెండో యంత్రమునకు వచ్చిన ఆట దీనిని అపరాధపరిశోధనగా మలచినది. నాయకుడు శవాగారమున మేల్కొని తానెవరో తాను వెదకుకొనును. 1994లో సేగా యంత్రమునకు వచ్చినది పనివెంట పని చేయుచు బ్రతుకు గడపుటను పట్టుకొన్నది. ఒకే లోకము, ఒక్క ఏడాది వ్యవధి. ఒకటి కథ, రెండవది జీవనోపాధి. రెండును నిలిచినవి. 2007లో మాత్రము దీనిని జట్లు జట్లుగా కాల్చుకొను పోటీగా మార్చిరి. నడిపించు కథ లేదు, బేరము లేదు, పథకము వేయుటకు సమయము లేదు. మంత్రమును, తుపాకిని కలిపిన తీరు నేర్పుగలదే యైనను, పాత అభిమానులు దానిని తమ లోకముగా గుర్తింపలేదు. తుదకు ఆ లోకమును మొదట సృష్టించినవారిలో నొకడగు జోర్డాన్ వైస్‌మన్ 2012లో ప్రజలనే చందా అడిగెను. కోరినది 4 లక్షల డాలర్లు. వచ్చినది 18 లక్షలకు పైగా. మరుసటి యేడు వెలువడిన 'షాడోరన్ రిటర్న్స్' వంతులవారీ ఆట.

ఇందువలన వంతుల పద్ధతియే ఉత్తమమని అనుకొనరాదు. వైస్‌మన్ చేయి వేసిన 'బాటిల్‌టెక్' అను మరియొక బల్లమీది ఆట, మహాయంత్రములలో కూర్చుండి పోరు యోధుల లోకము, ఎన్ని ప్రక్రియలలోనికి పోయినను చెడలేదు. 1989లో యంత్రము లోపల కూర్చుండి నడుపు ఆట, 1998లో పైనుండి దళమును నడుపు ఆట, 2018లో వంతులవారీ యుద్ధముతో పాటు కూలిసేనకు జీతములు చెల్లించు ఆట. ఆ లోకమునందు నడుపుట, ఆజ్ఞాపించుట, జీతమిచ్చుట మూడును నిజముగా జరుగు పనులే గనుక మూడును పొసగినవి.

ఇక మన నగరమునకు వత్తము. బల్లమీది పాత్రధారణ క్రీడను తీసికొని చేసిన పని కాకున్నను, కథాలోకమును ఆటగా మార్చిన యత్నములు ఇచ్చట జరిగినవి. 2009లో హైదరాబాదు సంస్థ అరోనా టెక్నాలజీస్ నిర్మింపగా సోనీ వారు 'హనుమాన్: బాయ్ వారియర్' అను ఆటను ప్లేస్టేషన్ 2 యంత్రమునకు విడుదల చేసిరి. పూర్తిగా భారతదేశముననే తయారైన మొదటి కన్సోలు ఆటగా అది పేరుపొందినది. ఆ యేటనే ఈ నగరపు గేమ్‌శాస్త్ర సంస్థ 'దేశీ అడ్డా' పేర కబడ్డీ మొదలగు మన వీధి ఆటలను తెరకెక్కించెను. మొదటిదానిలో ఎంచుకొన్న క్రియ దూకుట, కొట్టుట. రామాయణమున హనుమంతుని గొప్పతనము బలమొక్కటియే కాదు. ఎవరితో ఎప్పుడు ఏమి పలుకవలెనో తెలిసిన మాటనేర్పు. ఆ క్రియకు ఆటలో బొత్తాము లేదు. ఆట వెలువడినప్పుడు అమెరికాలోని హిందూ ప్రతినిధి యొకరు ఆక్షేపణ తెలిపిరి: కొలుచు దేవుని ఆటగాడు చేతి బొత్తాములతో ఆడించుట తగదని. ఈ మాటను నవ్వి త్రోసివేయువారితో మేము ఏకీభవింపము. ఆటలో మనము ఎవరిని చూతుమో అదొకటి. ఎవరమగుదుమో అది వేరొకటి. 2017లో 'బాహుబలి' చిత్రముపై బెంగుళూరు సంస్థ మూన్‌ఫ్రాగ్ చేసిన ఆట ఈ చిక్కును సులభముగా దాటినది. అందు ఆటగాడు కోటలు కట్టించి, సేనలు కూర్చి, కాలకేయులనుండి మాహిష్మతిని కాపాడును. రాజ్యము దక్కినది, తల్లి, కొడుకు, ద్రోహము గోడమీది చిత్రములైనవి.

ఈ దృష్టాంతములు చెప్పినంత మాత్రమున పిల్లలకు పాఠము పట్టుబడలేదు. కావున గత శీతకాలమున తెలుగు, ఉర్దూ శాఖలు కలిసి ఒక అభ్యాసమునకు పూనుకొంటిమి. ఎంచుకొన్నది 'తిలిస్మె హోష్‌రుబా'. లక్నోలోని నవల్ కిశోర్ ముద్రణాలయము 1883 మొదలు సంపుటములుగా ప్రకటించిన ఈ ఉర్దూ దాస్తానును ముహమ్మద్ హుసేన్ జాహ్ ఆరంభింపగా, అహ్మద్ హుసేన్ ఖమర్ పూర్తిచేసెను. తిలిస్మ్ అనగా మంత్రముచే కల్పించిన దేశము. హోష్‌రుబాకు వెలుపలి రాజ్యము, మరుగు రాజ్యము, చీకటి రాజ్యము అని మూడు భాగములు, నడుమ రక్తనది. చక్రవర్తి అఫ్రాసియాబ్ మహామాంత్రికుడు. దానిని జయింపవలసిన రాకుమారుడు అసద్. వీరందరికంటె శ్రోతలు ప్రేమించినది అమర్ అయ్యారును. ఇతడు మారువేషగాడు, మత్తుమందు పెట్టువాడు, మహా పిసినారి. ఇతని జంబీల్ అను సంచిలో ఎంత వేసినను నిండదు. మాంత్రికులను ఇతడు మంత్రముతో గాక మాయోపాయముతో పడగొట్టును.

మొదట బల్లచుట్టు ఆడితిమి. సూత్రధారిణి ఉర్దూ శాఖ విద్యార్థిని. దాస్తానులోని కొన్ని పేర్లు ధార్మిక చరిత్రలోని పూజ్యుల పేర్లతో కలియుట వలన, వానిని ఆటగాళ్ళ పాత్రలుగా ఉంచవలదని ఉర్దూ శాఖ పెద్దలు సలహా ఇచ్చిరి. మేము అంగీకరించితిమి. ఆటగాళ్ళందరు అమర్‌కు పేరులేని శిష్యులైరి. రెండవ సాయంకాలమున జట్టు ఒక మాంత్రికుని డేరాను చేరినది. అందరును యుద్ధమునకు సిద్ధపడుచుండగా తెలుగు శాఖ పిల్ల యొకతె "నేను పోరాడను. వంటవాని వేషమున లోనికి పోయి పులుసులో మత్తుమందు కలిపెదను" అనెను. సూత్రధారిణి క్షణమాగి, "ఆ వంటవానికి నత్తి యున్నది, నీవు నత్తిగా మాటలాడుదువా?" అని అడిగి పాచిక వేయించెను. గది నవ్వులతో నిండినది. ఆ నత్తి ఏ పుస్తకమునను లేదు.

పిదప అదే ఘట్టమును కంప్యూటరుపై చేయ యత్నించి ఓడితిమి. మా వాడు వ్రాసిన చిన్న ప్రోగ్రాములో ద్వారపాలకునికి మూడు ప్రత్యుత్తరములే వచ్చును. వంటవాడన్న మాటకు వాడు "నీవెవరవు?" అని ఏడుమారులు అడిగెను. అసద్ చేతికి కత్తి యిచ్చి శీఘ్రచర్య ఆటగా చూచితిమి. మాంత్రికులు కత్తికి పడుచున్నచో అయ్యారులు దండుగ యైరి. చాటుమాటు ఆటగా చూచితిమి. ఇది కొంత కుదిరెను గాని, జంబీల్ అడ్డువచ్చెను. సంచిలో సమస్తము దొరకునప్పుడు ఆటగానికి ఎంచుకొను కష్టము లేదు. కష్టము లేనిచోట ఆట లేదు. సంచికి కొలత పెట్టుదమని ఒకడనగా, కొలత పెట్టిన అది జంబీలే కాదని ఉర్దూ పిల్లలు పట్టుబట్టిరి. రెండుదినములు తగవు. తుదకు తెలిసినది, హద్దు సంచికి కాదు, సంచి యజమానికి! శిష్యుడు ఏ వస్తువు కోరినను అమర్ బేరమాడును, వడ్డీ అడుగును, పాత బాకీ గుర్తుచేయును. పూజ్యుల పేర్ల విషయమున పెద్దలు చెప్పిన జాగ్రత్త వలన శిష్యులమైతిమి. శిష్యులమగుట వలన ఈ ఉపాయము దొరకినది.

వ్యూహక్రీడ సంగతి దాస్తానే చెప్పినది. అందు సాయంకాలము యుద్ధభేరి మ్రోగును. తెల్లవారి సేనలు ఎదురుపడును. నడుమనున్న రాత్రి అయ్యారులది. కనుక పగలు సేనలను నడుపుట, రాత్రి వేషము వేయుట, ఇట్లు రెండు ప్రక్రియలు ఒకే ఆటలో వంతులుగా వచ్చుట బయటినుండి అతికించినది కాదు; ఆ లోకపు దినచర్యయే. మా విద్యార్థి మొదటి చిత్తుప్రతిలో లేనిది ఇదియే. అతడు ప్రక్రియనుండి లోకమునకు నడచెను. లోకములోని మనుష్యులు తెల్లవారినది మొదలు ఏమి చేయుదురో అడిగియుండలేదు.

పని చేయగోరువారికి రెండు సంగతులు. షాడోరన్ వంటి లోకములను వాడుకొనుటకు యజమానుల అనుమతి కావలెను. మన చట్టము ప్రకారము రచయిత మరణించిన పిదప 60 సంవత్సరములకు రచన అందరిదగును. జాహ్ దాస్తానుకు, దీక్షితుల కాశీమజిలీలకు ఆ గడువు దాటినది. ఆధునిక అనువాదములకు మాత్రము హక్కులున్నవి, మూలమునే చదువవలెను. రెండవది లిపి. ఉర్దూ కుడినుండి ఎడమకు నడచును, అక్షరము చోటునుబట్టి రూపు మార్చుకొనును. తెలుగునకు ఒత్తులు క్రిందికి చేరవలెను. గేములు కట్టు సాధనములలో కొన్ని వీనిని సరిగా కూర్పవు. మా తొలి యత్నమున అమర్ పలికిన ఉర్దూ తలక్రిందులై, తెలుగు ఒత్తులు విడివడి ప్రక్కన పడినవి. 2023లో వచ్చిన గోడో 4వ రూపము ఉచితము; అందు రెండు లిపులును నిలిచినవి.

ఆ విద్యార్థి ఇప్పుడు సెలవు దినములలో వచ్చి ద్వారపాలకునికి ప్రత్యుత్తరములు వ్రాయుచున్నాడు. నలుబది పూర్తియైనవి. వంటవాని నత్తి ఇంకను మిగిలియున్నది.